ఒకే గదిలో చేసిన ఆల్బమ్

'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' ఆఖరి ఆల్బమ్ మీద నేను చదివిన రివ్యూల్లో చాలావరకు తేదీతో మొదలవుతాయి. 2016 నవంబర్ 8న అమెరికా ఎన్నికలు, ట్రంప్ గెలుపు. మూడు రోజులకి, నవంబర్ 11న, 'వి గాట్ ఇట్ ఫ్రమ్ హియర్... థాంక్ యూ ఫర్ యువర్ సర్వీస్' విడుదల. ఆ మర్నాడు రాత్రి 'సాటర్‌డే నైట్ లైవ్' స్టేజి మీద గ్రూప్ పాడుతుంటే, పైనుంచి ఫైఫ్ డాగ్ బొమ్మ ఉన్న పెద్ద తెర దిగింది. ఫైఫ్ అప్పటికి చనిపోయి దాదాపు ఎనిమిది నెలలు. ఇంత కథ చేతికి అందాక ఏ విమర్శకుడు వదులుకుంటాడు?

నా గొడవల్లా ఆ కథ ఆల్బమ్‌ని మింగేసిందని. ట్రంప్‌కి జవాబుగా వచ్చిన 'ప్రతిఘటన ఆల్బమ్' అని కొందరన్నారు, చనిపోయిన స్నేహితుడికి 'నివాళి ఆల్బమ్' అని ఇంకొందరన్నారు. ఎక్కువమంది రెండూ కలిపి అన్నారు. రెండూ అబద్ధాలు కావు. కాకపోతే రెండూ పాటలు వినకుండానే అనగలిగిన మాటలు. పేపరు చూసినా చాలు.

ట్రైబ్ గురించి తెలియనివాళ్ళకి కొంచెం వెనక కథ. న్యూయార్క్‌లో క్వీన్స్ అనే ప్రాంతం, అందులో సెయింట్ ఆల్బన్స్. అక్కడ చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగిన ఇద్దరు కుర్రాళ్ళు క్యూ-టిప్, ఫైఫ్ డాగ్. డీజే అలీ షహీద్ ముహమ్మద్, ఇంకో స్నేహితుడు జరోబీ వైట్ కలిసి నలుగురు. 1990లో మొదటి ఆల్బమ్, 1991లో 'ద లో ఎండ్ థియరీ', 1993లో 'మిడ్‌నైట్ మరాడర్స్'. హిప్ హాప్‌లో జాజ్‌ని ఇంత సహజంగా కలిపినవాళ్ళు అప్పటికి తక్కువ. 'లో ఎండ్ థియరీ'లో ఒక పాటకి జాజ్ దిగ్గజం రాన్ కార్టర్ స్వయంగా వచ్చి బాస్ వాయించాడు. క్యూ-టిప్‌ది ముక్కులోంచి వచ్చే మెత్తటి గొంతు, తాత్వికుడి తీరు. ఫైఫ్‌ది పైస్థాయి గొంతు, కరుకు. అయిదడుగుల మనిషి, స్పోర్ట్స్ పిచ్చి, నోటి దురుసు. 1991లో వచ్చిన 'చెక్ ద రైమ్' వింటే ఆ జంట ఎలా పనిచేస్తుందో తెలిసిపోతుంది. ఒకడు పిలుస్తాడు, రెండోవాడు పలుకుతాడు, మళ్ళీ వాడు వీణ్ణి పిలుస్తాడు.

ఇంకో సంగతి. వీళ్ళకి 'ఆఖరి ఆల్బమ్' అప్పటికే ఒకటి ఉంది. 1998లో 'ద లవ్ మూవ్‌మెంట్' విడుదలకి ముందే విడిపోతున్నామని ప్రకటించేశారు. నీరసమైన ఆల్బమ్ అది, నీరసంగానే విన్నారు. తర్వాత కచేరీల కోసం అప్పుడప్పుడూ కలిసేవాళ్ళు, కలిసినప్పుడల్లా కొట్లాడుకునేవాళ్ళు. మైకేల్ రాపపోర్ట్ 2011లో తీసిన డాక్యుమెంటరీలో ఆ కొట్లాటలన్నీ ఉన్నాయి. క్యూ-టిప్ పెత్తనం, ఫైఫ్ అలకలు, ఇద్దరి మధ్యా నలిగిపోయే అలీ. ఫైఫ్‌కి డయాబెటిస్ ముదిరి కిడ్నీలు దెబ్బతింటే 2008లో భార్య ఒక కిడ్నీ ఇచ్చింది. ఆ డాక్యుమెంటరీ చూసినవాళ్ళెవరూ వీళ్ళు మళ్ళీ కలిసి కూర్చుని ఒక ఆల్బమ్ చేస్తారని అనుకుని ఉండరు.

2015 నవంబర్ 13న 'టునైట్ షో'లో చాలా ఏళ్ళ తర్వాత టీవీలో కలిసి పాడారు. పారిస్‌లో బతక్లాన్ మీద దాడి జరిగింది ఆ రోజే. ఆ రాత్రే ఇంకో ఆల్బమ్ చేద్దామని అనుకున్నారు. న్యూజెర్సీలో క్యూ-టిప్ ఇంట్లో ఉన్న స్టూడియోలో పని. క్యూ-టిప్ ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఎవరైనా సరే, ఎంత పెద్ద స్టారైనా సరే, ఇక్కడికొచ్చి ఈ గదిలో పాడాలి. ఫైల్ మెయిల్లో పంపడం కుదరదు.

ఈ షరతు ఎంత విచిత్రమో హిప్ హాప్ తయారయ్యే పద్ధతి తెలిస్తే అర్థమవుతుంది. ఒకడు అట్లాంటాలో బీట్ చేస్తాడు, ఒకడు లాస్ ఏంజిలెస్‌లో పదహారు లైన్లు పాడి పంపుతాడు, ఇంజనీరు అతికిస్తాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా 'కలిసి' హిట్ కొట్టొచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన వ్యవహారమే. నేను రెండేళ్ళు ఒకే కోడ్ మీద కలిసి పనిచేసిన మనిషి ఎంత ఎత్తుంటాడో నాకిప్పటికీ తెలీదు. కోడ్ మాత్రం బాగానే నడుస్తోంది. కాబట్టి దూరం నుంచి చేసే పనిని నేను చులకన చెయ్యను. కానీ ఫైఫ్ ఉన్నది కాలిఫోర్నియాలో. డయాలిసిస్ మీద ఉన్న మనిషి. అక్కడ పాడి ఒక ఫైల్ పంపితే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. అయినా విమానమెక్కి దేశం ఆ చివర్నుంచి ఈ చివరికి వచ్చి పాడేవాడు. 2016 మార్చి 22న చనిపోయాడు. నలభై అయిదేళ్ళు. ఆల్బమ్ అప్పటికి పూర్తి కాలేదు.

అలా వచ్చినందుకు ఏం దక్కిందో తెలియాలంటే 'డిస్ జెనరేషన్' వినాలి. క్యూ-టిప్, ఫైఫ్, జరోబీ, వీళ్ళతో ఏళ్ళ తరబడి తిరిగిన బస్టా రైమ్స్. మామూలు పాటలో నలుగురు ర్యాపర్లుంటే నాలుగు వర్సులుంటాయి, ఎవరి వంతు వాళ్ళది, ఎవరి ప్రతాపం వాళ్ళది. ఇక్కడ అలా కాదు. ఒకడు మొదలుపెట్టిన మాటని ఇంకొకడు మధ్యలో లాక్కుంటాడు. ఒకడి ప్రాస పూర్తి కాకముందే రెండోవాడు అందుకుని దానికి తోక తగిలిస్తాడు. మొదటిసారి వింటున్నప్పుడు ఎవరు ఎక్కడ ఆపారో పట్టుకోలేం, పట్టుకోవాలనీ అనిపించదు. బుర్రకథలో కథకుడి మాట కింద పడకుండా వంతలు అందుకుంటారు చూడండి, ఆ ఒడుపు. 'సాలిడ్ వాల్ ఆఫ్ సౌండ్'లో ఫైఫ్, బస్టా ఇద్దరూ కరీబియన్ యాసలో పోటీపడతారు. ఫైఫ్ వాళ్ళది ట్రినిడాడ్ నుంచి వచ్చిన కుటుంబం, బస్టా వాళ్ళది జమైకా. ఎల్టన్ జాన్ పాత పాట ముక్క మీద, ఎల్టన్ జాన్ కూడా ఉండగా, ఇద్దరు న్యూయార్క్ పెద్దమనుషులు తమ ఇళ్ళల్లో అమ్మానాన్నలు మాట్లాడిన యాసలో వెక్కిరించుకుంటూంటే, అది చావు నీడలో చేసిన ఆల్బమ్ అని ఎవరికి తోస్తుంది?

జరోబీ సంగతి రివ్యూల్లో రావలసినంత రాలేదని నా ఫిర్యాదు. ఈ ఆల్బమ్‌కి పాతికేళ్ళ ముందే గ్రూప్ వదిలేసి వంటపని నేర్చుకుని షెఫ్ అయ్యాడు. ట్రైబ్ చరిత్ర చెప్పేటప్పుడు 'నాలుగోవాడు' అని ఒక ముక్కలో తేల్చేస్తారు. ఈ ఆల్బమ్‌లో మొదటి పాట 'ద స్పేస్ ప్రోగ్రామ్' నుంచే అతను గట్టిగా నిలబడి ర్యాప్ చేస్తాడు. ఎవరూ ఊహించనంత బాగా చేస్తాడు.

ఇప్పుడు రాజకీయాల దగ్గరికి. 'వి ద పీపుల్' అనే పాట ఆ నవంబర్‌లో అందరి నోళ్ళలోనూ నానింది. దాని హుక్ వెళ్ళగొట్టేవాడి గొంతుతో ఉంటుంది. నల్లవాళ్ళు, మెక్సికన్లు, పేదలు, ముస్లింలు, గేలు, మీరంతా వెళ్ళిపోవాల్సిందే అని ఒక లిస్టు. అదేదో అరుస్తూ కాదు, జోలపాటలా మెత్తగా పాడతాడు. పాడుతున్న క్యూ-టిప్ తనే నల్లవాడు, తనే ముస్లిం. ఇంత కడుపుమండే సంగతిని అంత తియ్యగా పాడటంలోనే ఉంది దాని దెబ్బ. ఫలితాలొచ్చిన వారంలో అది విన్నవాళ్ళకి జోస్యంలా వినిపించిందంటే ఆశ్చర్యం లేదు. 2017 ఫిబ్రవరి 12న గ్రామీ స్టేజి మీద ట్రైబ్ ఈ పాటే పాడింది. బస్టా రైమ్స్ ట్రంప్‌కి వెటకారంగా ఒక పేరు పెట్టి, ముస్లిం దేశాలవాళ్ళ మీద పెట్టిన ప్రయాణ నిషేధాన్ని ఎండగట్టాడు. సరిగ్గా పదిరోజులకి కాన్సస్‌లోని ఒలేతాలో, హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒక ఇంజనీరుని మా దేశం వదిలిపొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. మన కాలేజీల్లో, మన ఆఫీసుల్లో ఆ వారం వేరే మాట లేదు. లిస్టులో మన పేరు లేదనుకున్నవాళ్ళం చాలామందిమి. కాబట్టి ఆ పాటని రాజకీయంగా వినొద్దని నేననడం లేదు. అలా అనే హక్కు నాకు లేదు కూడా.

నేనంటున్నది, హుక్ దగ్గరే ఆగిపోయామని. అదే పాటలో ఫైఫ్ వర్స్ ఒకటుంది. చార్టుల్లో మమ్మల్ని కనపడనివ్వరు, మీ అంకెలూ మీ లెక్కల మాస్టర్లూ ఎవడిక్కావాలి అని బూతులు తిడతాడు. వెంటనే బేస్‌బాల్‌లోకి దూకుతాడు. అమెరికన్ లీగ్‌లో పిచర్లు బ్యాటింగ్ చెయ్యరు, వాళ్ళ బదులు ఇంకొకడు చేస్తాడు. అలాంటి పిచర్ బ్యాట్ పట్టుకుని నేను బాదేస్తానన్నట్టుంది మీ పోటీ, అంటాడు. ఆడవాళ్ళకి సమానత్వం ఉన్న లోకాన్ని కలగంటూ, దానికి డల్లాస్ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో, విటెన్‌కి బంతి విసరడాన్ని ఉపమానంగా తెస్తాడు. ప్రతిఘటన సాహిత్యంలో ఇలాంటి ఉపమానం ఇంకెక్కడైనా ఉందా? ఫైఫ్ రాజకీయం ఇలాగే ఉంటుంది. ఆదివారం మ్యాచ్ చూస్తూ, చిప్స్ తింటూ, మధ్యలో దేశాన్ని తిట్టే మనిషి రాజకీయం. ఇది 'ప్రతిఘటన ఆల్బమ్' అనే చట్రంలో ఇమడదు, అందుకే కాబోలు ఎవరూ ఎత్తి చూపించలేదు. విచిత్రమేమిటంటే, అంకెల్ని తిట్టిన ఈ వర్స్ ఉన్న ఆల్బమే మొదటివారంలో లక్షా ముప్ఫై అయిదు వేల యూనిట్లతో బిల్‌బోర్డ్‌లో ఒకటో స్థానానికి వెళ్ళింది. ట్రైబ్‌కి అంతకుముందు ఆ స్థానం దక్కింది 1996లో.

'కాన్రాడ్ టోక్యో'లో కూడా ఇంతే. కెండ్రిక్ లమార్ ఉన్న పాట కాబట్టి అందరూ అతని గురించే రాశారు. అందులో ఫైఫ్ ట్రంప్ పేరు ఎత్తుతాడు, 'సాటర్‌డే నైట్ లైవ్'లో అతనితో చేసిన నవ్వులాటని ఈసడిస్తాడు. ఇది కామెడీకి సమయమా అని కసురుతాడు. ట్రంప్ ఆ షోకి హోస్టుగా వచ్చింది 2015 నవంబర్‌లో. ఫైఫ్ పోయింది 2016 మార్చిలో. అప్పటికి ట్రంప్ పార్టీ అభ్యర్థి కూడా కాలేదు. అంటే ఇది జోస్యం కాదు, టీవీ చూసి చిరాకు పడటం. టీవీ చూసి చిరాకు పడినవాడు ఎనిమిది నెలలు ముందే ఉన్నాడు, అంతే. పైగా ఫైఫ్ చిరాకు పడిన ఆ షోలోనే అతని బొమ్మ తెర మీద దిగింది. దీని గురించి ఏమనాలో నాకు తెలియట్లేదు. ఫైఫే బతికుంటే రెండు లైన్లలో తేల్చేసేవాడు.

2024లో ట్రంప్ రెండోసారి గెలిచాక 'వి ద పీపుల్' మళ్ళీ పెట్టుకుని విన్నాను. హుక్ అదే, దెబ్బ అంత గట్టిగా తగల్లేదు. బహుశా అలవాటైపోయింది. బేస్‌బాల్ పిచర్ దగ్గర మాత్రం మళ్ళీ నవ్వొచ్చింది.

నివాళి విషయానికొస్తే, అక్కడ నాకు రివ్యూలతో గొడవ తక్కువ. 'బ్లాక్ స్పాజ్మోడిక్' అసాధారణమైన పాట. ముందు ఫైఫ్ బతికున్నప్పుడు పాడిన వర్స్ వస్తుంది, కరీబియన్ యాసలో, హుషారుగా. తర్వాత క్యూ-టిప్ వచ్చి, చనిపోయిన ఫైఫ్ తనతో ఏమంటున్నాడో ఫైఫ్ మాటలుగానే చెప్తాడు. ఒకే పాటలో బతికున్న మనిషి గొంతూ, ఆ మనిషి పోయాక స్నేహితుడి బుర్రలో మోగే గొంతూ. ఊహల్లోని ఫైఫ్ కూడా ఓదార్చడు. పని కానివ్వు అని తోస్తాడు. దాని పక్కన 'లాస్ట్ సమ్‌బడీ' కొంచెం మామూలుగా అనిపిస్తుంది. ఫైఫ్ అమ్మానాన్నల దగ్గర్నుంచి మొదలుపెట్టి, అతని అసలు పేరు మాలిక్‌తో పిలుస్తూ చెప్పే పాట. గుండెని పట్టుకుంటుంది, కాదనను. కానీ అందులో జవాబు చెప్పేవాడు లేడు. ట్రైబ్ పాటలో జవాబు లేకపోవడం ఎలా ఉంటుందో తెలిసేది అక్కడే. అది పాట గొప్పతనమా, లోపమా అన్నది నేనింకా తేల్చుకోలేదు.

ఆల్బమ్‌లో లోపాలు లేకపోలేదు. పదహారు పాటల్లో రెండో సగం పలచబడుతుంది. 'ఎనఫ్' తీసేసినా ఎవరూ గమనించరు. 'ఈగో' మంచి ఆలోచన, మామూలు పాట. నెట్‌ఫ్లిక్స్ 'లూక్ కేజ్'కి సంగీతం చేస్తూ ఉండటంతో అలీ షహీద్ ఈ ఆల్బమ్ తయారీలో పెద్దగా లేడు. ఆ వెలితి క్యూ-టిప్ మరీ ఎక్కువ వస్తువులు పోగేసిన చోట్ల తెలుస్తుంది, వద్దులే అని ఒక చెయ్యి తీసేయాల్సిన చోట. యుద్ధాల నుంచి తిరిగొచ్చే నల్ల సైనికుల మీద 'ద కిల్లింగ్ సీజన్'లో కాన్యే వెస్ట్, టాలిబ్ క్వెలీ, కాన్సీక్వెన్స్, జరోబీ ఉన్నారు. పేర్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి, పాట రెండు నిమిషాల చిల్లరలో అయిపోతుంది. ఇంకా నిజం చెప్పాలంటే, ఫైఫ్ లేని పాటల్లో ఇది చాలా మంచి క్యూ-టిప్ ఆల్బమ్. ఫైఫ్ ఉన్న పాటల్లో ట్రైబ్ ఆల్బమ్. ఈ తేడాని ఏ రివ్యూ దాచాల్సిన అవసరం లేదు, దుఃఖంలో ఉన్నవాళ్ళ ముందు అనకూడదనే మొహమాటంతో చాలామంది దాచారు.

మొహమాటపడనిది గ్రామీ కమిటీ ఒక్కటే. 2017లో బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ అంతర్జాతీయ గ్రూప్ ట్రైబే. విమర్శకుల లిస్టుల్లో పైవరసలో ఉంది. కానీ 2018 గ్రామీలకి నామినేషన్లు ప్రకటించినప్పుడు ఈ ఆల్బమ్‌కి ఒక్కటీ రాలేదు. కిందటి ఫిబ్రవరిలో తమ స్టేజి మీద గోడ పగలగొట్టించి, రకరకాల మనుషులని నడిపించి, ప్రతిఘటన అని చప్పట్లు కొట్టించుకున్న సంస్థే. క్యూ-టిప్ ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చి మండిపడ్డాడు. అహం దెబ్బతిన్నవాడి మాటల్లా ఉన్నాయని కొందరన్నారు. దెబ్బతినదా మరి? అయితే గ్రామీ వాళ్ళు కొత్తగా ఏమీ చెయ్యలేదు. అప్పటికి సంవత్సరం నుంచి అందరూ దాన్ని ఒక సంఘటనగా చూస్తున్నారు. సంఘటన అయిపోయింది. జరిగిపోయిన సంఘటనకి నామినేషన్ ఎవరిస్తారు?

ఇంకో రకం మెచ్చుకోలు కూడా నన్ను చికాకు పెట్టింది. పెద్దవాళ్ళు తిరిగొచ్చి కుర్రాళ్ళకి అసలు హిప్ హాప్ అంటే ఏమిటో చూపించారు, అనేది. మన దగ్గర కూడా పాత పాటల అభిమానులు ఇదే పాట పాడుతుంటారు. ట్రైబ్ మాత్రం ఆ పని చెయ్యలేదు. 'డిస్ జెనరేషన్'లో క్యూ-టిప్ జోయీ బాడాస్, అర్ల్, కెండ్రిక్, కోల్ పేర్లు చెప్పి, ఇకమీదట కాపలా వీళ్ళదే అంటాడు. ఆండ్రే 3000తో కలిసి చేసిన 'కిడ్స్'లో పిల్లలకి చెప్పేది మా అంత కండి అని కాదు, మీరు చూస్తున్నదంతా నాటకమని, మేమూ మీ వయసులో ఇలాగే పడ్డామని.

అసలు ఆల్బమ్ పేరులోనే ఉంది ఈ తిరకాసు. 'ఇక్కణ్ణుంచి మేం చూసుకుంటాం, మీ సేవలకి ధన్యవాదాలు.' ఎవరు ఎవరికి చెప్తున్నారు? కొత్తవాళ్ళు ట్రైబ్‌కా, ట్రైబ్ పాతవాళ్ళకా, దేశం సైనికుడికా, పైవాడు ఫైఫ్‌కా? పేరు ఫైఫ్‌ది. అర్థమేమిటో పూర్తిగా తెలియకపోయినా, ఫైఫ్‌కి నచ్చింది కాబట్టి అలాగే ఉంచామని క్యూ-టిప్ చెప్పాడు. నాకైతే ఏ రివ్యూ కంటే ఈ వాక్యం ఎక్కువ చెప్పింది.

చివరి పాట పేరు 'ద డోనాల్డ్'. నవంబర్ 11న ఆ పేరు చూసి ట్రంప్ మీద పాట అనుకోని వాళ్ళెవరుంటారు? ట్రంప్‌కీ దానికీ సంబంధం లేదు. డాన్ జ్యూస్ అనేది ఫైఫ్‌కి ఉన్న ముద్దుపేర్లలో ఒకటి. బస్టా అతణ్ణి ఆకాశానికెత్తుతాడు, ఫైఫ్ వచ్చి తన గొప్పలు తనే చెప్పుకుంటాడు, క్యూ-టిప్ తోడవుతాడు. ఇంకా వినని వాళ్ళుంటే, ఈ పాటతో మాత్రం మొదలుపెట్టకండి. 'డిస్ జెనరేషన్'తో మొదలుపెట్టండి, హెడ్‌ఫోన్స్‌లో, ఎవరి గొంతు ఎవరిదో పోల్చుకోవాలని చూడకుండా ఒకసారి. రెండోసారి ఫైఫ్‌ని ఒక్కణ్ణే వెతకండి.